బండపరుపు: చారిత్రక బహిరంగస్థలముల పునరుద్ధరణమున శిలానిర్ణయము

నిర్వచనము, పరిధి

ప్రజలు నడచుటకును, క్రయవిక్రయములు జరుపుటకును, ఉత్సవములయందు గుమిగూడుటకును తరతరములుగా ఉపయోగించుచు వచ్చిన వీధులు, కూడళ్లు, దేవాలయ ప్రాకారములు, మసీదు ముంగిళ్లు, కోటబాటలు, స్నానఘట్టములు మున్నగువాని నేలలు శిథిలమైనపుడు, వాని పూర్వస్వరూపమునకు భంగము కలుగకుండ తిరిగి పఱచుటకు తగిన రాతిని, ఆ రాతికి ఆధారమగు క్రిందిపొరలను, రాళ్ల నడిమి సందులను పూరించు పదార్థమును ఎంచుకొను విధానము ఈ వ్యాసమునకు విషయము. రాతితో నేలను కప్పు పనిని వాడుకలో బండపరుపు అందురు. గోడలకును శిల్పములకును సంబంధించిన సంరక్షణవిధానములు ఇందు ప్రసక్తమైనంతవఱకు మాత్రమే చెప్పబడును (చూ. శిలాసంరక్షణము).

నేలరాతి జీవితము గోడరాతి జీవితము వంటిది కాదు. గోడయందలి రాయి ప్రధానముగ పైబరువును మోయును. నేలయందలి రాయియో, పాదములచేతను చక్రములచేతను అరగును. అడుగు కుదురుగ లేనిచో వంగి విరుగును. వర్షజలమును పైనుండియు, భూగర్భపు చెమ్మను క్రిందినుండియు ఏకకాలమున భరించును. అయినను పునరుద్ధరణకార్యములలో నేలలకు దక్కిన శ్రద్ధ స్వల్పము. గోపురమున ఒక ప్రతిమ భగ్నమైనచో శిల్పిని రప్పించువారే, ఆ గోపురము ముందరి బండ పగిలినపుడు దానిపై సిమెంటు పూసి సరిపెట్టుట మన దేశమున పలుచోట్ల కానవచ్చును. చారిత్రక స్థలమును చూడవచ్చినవాడు కన్నులతో గోడలను చూచునుగాని, శరీరముతో ఎడతెగక తాకియుండునది ఆ నేలనే యగుటచే, ఈ ఉపేక్ష సమర్థనీయము కాదు.

చరిత్ర

క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ ఆరంభించిన అప్పియన్ మార్గము, తరువాతికాలమున పెద్ద అగ్నిశిలాఫలకములతో కప్పబడి, నేటికిని కొన్నిచోట్ల ఆ ఫలకములతోనే నిలిచియున్నది. అదే రోము నగరమున 16వ శతాబ్దమునుండి వ్యాపించిన సాంపియెత్రీని అను నల్లని లావాదిమ్మలు, పైముఖమున సుమారు 12 సెం.మీ. చదరముగను, అడుగునకు పోనుపోను సన్నగిల్లునట్లును చెక్కబడి, ఇసుకలో దిగగొట్టబడెడివి. వెనీసు నగరపు సెయింట్ మార్కు కూడలి 13వ శతాబ్దమున ఇటుకలతో పఱచబడి, 1723లో ఆంద్రేయా తిరాలీ రూపకల్పన ననుసరించి, యూగనియన్ కొండల బూడిదరంగు ట్రాకైటు రాతితోను, దానినడుమ రేఖలు తీర్చిన ఇస్ట్రియా తెల్లని సున్నపురాతితోను నూతనముగ తీర్చబడినది. పోర్చుగలు దేశమున లిస్బనులోని సెయింట్ జార్జి కోటయొద్ద 1842లో ఖైదీలచే వేయింపబడిన తెలుపునలుపు రాళ్ల పరుపు, కొలది యేండ్లలోనే రొస్సియో కూడలిలో అలల వరుసగా విస్తరించి, ఆ జాతి నగరశిల్పమునకు చిహ్నమైనది.

తెలుగుదేశమున ఈ కళ మిక్కిలి ప్రాచీనము. క్రీ.శ. 3, 4 శతాబ్దములలో ఇక్ష్వాకులకు రాజధానియైన విజయపురియందు, అనగా నాగార్జునకొండ లోయయందు, కృష్ణాతీరపు స్నానఘట్టము పలనాటి సున్నపురాతి ఫలకములతో కట్టబడినది. నాగార్జునసాగరు జలాశయమున ఆ లోయ మునుగుటకు ముందు, తవ్వి తీసిన కట్టడములలో ముఖ్యమైనవానిని ఎత్తున పునర్నిర్మించిరి. రాతిని రాతిగా లెక్కించి, స్థానము గుర్తించి, మఱియొకచోట అదే క్రమమున కూర్చు విద్యకు మన ప్రాంతమున అది తొలి మహాప్రయోగము. కాకతీయులు ఓరుగల్లు ప్రాంతమున ఇసుకరాతిని, నల్లరాతిని, డోలరైటును వానివాని గుణముల నెఱిగి వినియోగించిరి. 1213 నాటి రామప్ప దేవాలయమున గుడిగోడ ఎఱ్ఱని ఇసుకరాయియు, నునుపుదేలిన శిల్పకాంతల విగ్రహములు నల్లని డోలరైటును అగుట ఈ వివేకమునకు నిదర్శనము.

19వ శతాబ్దాంతమునుండి తారును, పిదప సిమెంటు కాంక్రీటును చౌకగా లభించుటచే, ప్రపంచమంతటను పాతనేలలు వానిక్రింద కప్పబడినవి. దీనికి ప్రతిక్రియయు అప్పుడే మొదలైనది. 1877లో విలియం మారిస్ ఇంగ్లండున స్థాపించిన ప్రాచీనకట్టడముల రక్షణసంఘము, పాతదానిని గీకి క్రొత్తదిగా చేయు ఉత్సాహమును నిరసించినది. భారత పురావస్తుశాఖకు అధ్యక్షుడైన జాన్ మార్షల్ 1923లో ప్రకటించిన సంరక్షణదర్శిని, మరమ్మతుకన్న యథాస్థితిరక్షణమే ముఖ్యమని మనదేశపు ఇంజనీర్లకు బోధించినది. 1964 నాటి వెనీసు శాసనపత్రము రెండు నియమములను సుస్థిరము గావించెను: ఊహ యెచట మొదలగునో అచట పునరుద్ధరణము ఆగవలెననుట యొకటి, క్రొత్తగా చేర్చిన భాగము మొత్తముతో పొందిక కలిగియుండియు, పరిశీలించినచో పాతదానినుండి వేఱుగా తెలియవలెననుట రెండవది. 1987 నాటి వాషింగ్టను పత్రము ఈ దృష్టిని కట్టడములనుండి చారిత్రక పట్టణములకు విస్తరింపజేసినది. ఇంతలో 1962లో కోపెన్‌హేగను నగరము స్ట్రోయె వీధిని వాహనరహితము గావించుటతో, పాదచారుల వీధులు పెక్కునగరములకు ఆదర్శమై, నేలరాతికి మఱల గిరాకి కలిగెను.

శిలాజాతులు

భూశాస్త్రరీత్యా శిలలు అగ్నిశిలలు, అవక్షేపశిలలు, రూపాంతరశిలలు అని త్రివిధములు (చూ. శిలలు). నేలపరుపునకు ఈ మూడు తెగలవియు వాడుకలోనున్నవి. తెలుగునాట ఈ మూడును సమృద్ధిగా లభించుటచే, ఇచట వానిని కొంత విపులముగ చెప్పుట యుక్తము.

*నల్లరాయి.* మనవారు నల్లరాయి యనునది ఒక్క శిల కాదు. గ్రానైటును, నైసును, డోలరైటును కూడ పనివారు ఆ పేరనే పిలుతురు. హైదరాబాదు చుట్టుపట్ల గుట్టలుగుట్టలుగ కానవచ్చు గులాబి, బూడిదరంగుల గ్రానైటు సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. చార్మినారు, మక్కామసీదు, గోలకొండ ప్రాకారము, 1935 నాటి మొజంజాహి మార్కెటు ఈ రాతితోనే నిర్మితములు. ఇందలి ప్రధానఖనిజములగు క్వార్ట్జునకు మోస్ కొలమానమున కాఠిన్యము 7, ఫెల్‌స్పారునకు 6. నీటిని పీల్చుకొను శక్తి సాధారణముగ తన బరువులో నూటికి అరపాలునకు లోబడియుండును. బండ్లరాకపోకలు గల వీధులకు ఇంతకు మించిన రాయి లేదు. చార్మినారు పరిసరములలో వాహనములను తొలగించి చేపట్టిన పాదచారుల పథకమున గ్రానైటు దిమ్మలను పఱచుటకు ఈ దార్ఢ్యమే కాక, కట్టడపు రాతికిని నేలరాతికిని గల బాంధవ్యముకూడ సమర్థన మగును. కాని గ్రానైటన్నంతనే సరిపడదు. చీమకుర్తిలో దొరకు, మెఱుపుచుక్కలతో వన్నెకెక్కిన నల్లరాయి దేశాంతరములలో ఎంత ప్రసిద్ధమైనను, దానిని అద్దమువలె మెఱుగుపెట్టి కుతుబ్‌షాహీల కాలపు ముంగిట పఱచుట అసందర్భము.

*నాపరాయి.* పొరలుపొరలుగ విడివడు సున్నపురాతిని నాపరాయి యందురు. కడప, కర్నూలు, నంద్యాల, అనంతపురము ప్రాంతములలోని బేతంచెర్ల, తాడిపత్రి మొదలగుచోట్ల లభించునదియు, తెలంగాణమున తాండూరు బండయు, సరిహద్దునకు ఆవల కలబురగి జిల్లాయందలి షాబాదు బండయు ఈ జాతివే. హైదరాబాదు పాతయిండ్ల లోగిళ్లు, దేవిడీల ప్రాంగణములు, కాలిబాటలు షాబాదు బండకు ఎంతగా ఋణపడియున్నవో వేఱుగ చెప్పనక్కఱలేదు. గనియందు గునపముతో పొరసందున మీటినచో చదునైన ముఖముతో లేచివచ్చుట దీని సౌలభ్యము. పలుచని పొరలుగ దొరకుట దీని పరిమితి. దీని ప్రధానఖనిజమగు కాల్సైటు కాఠిన్యము 3 మాత్రమే యగుటచే పాదముల రాపిడికి త్వరగా నునుపెక్కును. ఆమ్లము తగిలినచో తినివేయబడును. కావున నిమ్మపులుసు, చింతపులుసు ఒలుకు బజారులకంటె మండపములకు, నీడగల వసారాలకు ఇది తగియుండును.

*ఇసుకరాయి, క్వార్ట్జైటు.* గండికోట ప్రాకారమునందలి ఎఱ్ఱరాయి, రాజస్థానపు ధోల్‌పూరు రాయి, ఢిల్లీ ఆగ్రాల ఎఱ్ఱరాయి ఈ కోవకు చెందినవి. ఇసుకరేణువులను బంధించు పదార్థము సిలికాయైనచో రాయి చిరకాలము మన్నును. బంకమన్ను లేక సున్నమైనచో పొరలుగ ఊడును. రేణువులు ఒక్కొక్కటిగ రాలుచు ముఖము ఎప్పటికప్పుడు గరుకుగ నుండుటచే ఇది కాలికి జారనీయదు.

*పలకరాయి.* మార్కాపురపు పలకలు బడిపిల్లలకు చిరపరిచితములు. ఇవి పలుచగ చీలునవి యగుటచే నడకదారులకు అంచులుగను, నీడపట్టుల పరుపుగను ఉపకరించునే గాని చక్రములను భరింపవు.

*చలువరాయి.* రాజస్థానమునందలి మక్రానా పాలరాయి 2019లో అంతర్జాతీయ భూశాస్త్రసమాఖ్యచే వారసత్వశిలగా గుర్తింపబడినది. బహిరంగస్థలములయందు దీని విలువ చాలవఱకు ఉష్ణమునకు సంబంధించినది (చూ. ముఖసంస్కారము, క్రింద).

*ఖోండలైటు.* ఖోండుల పేర వ్యవహృతమగు ఈ రూపాంతరశిల తూర్పుకనుమలలో, విశాఖపట్టణపు కొండలు మొదలుకొని ఒడిస్సా వఱకు వ్యాపించియున్నది. కోణార్కు సూర్యదేవాలయము ప్రధానముగ దీనితో నిర్మితము. చెక్కుటకు అనుకూలమైన ఈ రాయి, తనలోని ఫెల్‌స్పారు చెమ్మచే మట్టిగా మాఱుటచేత, సముద్రతీరపు గాలికి త్వరగా శిథిలమగును. పాతకట్టడముతో సాజాత్యము కోరి ఇదే రాతిని నేలకు వాడినపుడు, గనిలో చెమ్మ తాకని గట్టిపొరను ఏఱికోరి తీయవలసియుండును.

పరిశీలన, పరీక్షలు

శిలానిర్ణయమునకు ప్రథమసోపానము బజారు కాదు, నేలయే. పాతబండనొకదానిని పైకెత్తి తిరగవేసినచో అనేకవిషయములు బయల్పడును. పైముఖము ఎండకు వానకు రంగుమాఱి, పాదములకు అరగిపోయి యుండగా, అడుగుముఖమునను, మట్టిలో కప్పబడిన అంచులయందును నాటి ఉలిదెబ్బలు నిన్ననో మొన్ననో కొట్టినట్లు స్ఫుటముగ నుండును. ఆ దెబ్బల ఎడము, వాలు చూచి ఏ పనిముట్టుతో ఎంత బలముగ కొట్టిరో అనుభవజ్ఞుడగు రాతిపనివాడు చెప్పగలడు. రాతి సహజవర్ణమును తెలిసికొనవలసినదియు ఆ భాగమునుండియే. పైముఖమును చూచి రంగు కుదిర్చినచో, పదేండ్లకు క్రొత్తరాయియు ముదిరి వేఱొక వన్నె వహించి, అతుకు ప్రస్ఫుటమగును. నమూనాలను పొడిగను తడిగను రెండువిధముల పోల్చుట అవసరము, ఏలయనగా పొడిగా సమానముగ గోచరించు రాళ్లు వానకు తడిసినపుడు వేఱువేఱు రంగులు చూపుట కద్దు.

పిదప రాతినుండి 0.03 మిల్లీమీటరు మందమున పారదర్శకమగు పొరను తీసి, ధ్రువితకాంతిలో సూక్ష్మదర్శినితో పరీక్షింతురు. ఖనిజములు, రేణువుల పరిమాణము, బంధకపదార్థము, సూక్ష్మమైన బీటలు అందు తెలియవచ్చును. దీని ఫలితమునుబట్టి మూలమైన గనిని, అది మూతపడియున్నచో తత్సమానమైన గనిని గుర్తింతురు.

భౌతికపరీక్షలకు మనదేశమున ప్రమాణపత్రములు కలవు: బలమునకు ఐ.ఎస్. 1121, జలశోషణమునకును సాంద్రతకును ఐ.ఎస్. 1124, రాపిడికి ఐ.ఎస్. 1706. ఐరోపాలో పరుపుబండలకు ఇ.ఎన్. 1341, దిమ్మలకు 1342, అంచురాళ్లకు 1343 సంఖ్యలుగల ప్రమాణములు వర్తించును. చలిదేశములలో నీరు గడ్డకట్టి కరగు చక్రములకు రాయి తాళునా యనుట ప్రధానప్రశ్న. మన నేలలకు ఆ పరీక్షకంటె లవణపరీక్ష ముఖ్యము.

విరుగుటకు సంబంధించి ఒక సూత్రము పనివారందఱు తెలిసికొనదగినది: బండ మోయగల బరువు దాని మందముయొక్క వర్గమును అనుసరించియుండును. మందము రెట్టింపైనచో మోయగల బరువు నాలుగురెట్లగును. సగమైనచో నాలుగవవంతునకు దిగును. పాతవీధులలో జానెడు మందమున్న బండల స్థానమున, రంగు కుదిరినదని అంగుళపు బండను పఱచినపుడు, మొదటి వర్షకాలము కడచునంతలో అవి పెంకులవలె పగులుటకు ఇదియే కారణము. పొదుపు చేయుచున్నామని భ్రమించి, రాయి కూలి ఇసుక అన్నియు రెండవమాఱు భరించుట ఇట్లు సంభవించును.

నీరు, లవణము, సున్నము

రాతినేల చెడుటకు నీరే మొదటి హేతువు. భూమియందలి చెమ్మ సూక్ష్మరంధ్రములగుండ పైకెక్కి, ముఖమున ఆవిరియై పోవునపుడు, తనతో తెచ్చిన లవణములను అచటనే విడుచును. లవణము పైముఖమున స్ఫటికీకరించినచో తెల్లని పొట్టుగ రాలిపోవును, హాని అల్పము. ముఖమునకు కొంచెము లోపల స్ఫటికీకరించినచో, పెరుగుచున్న స్ఫటికముల ఒత్తిడికి రాతిపొర ఉబ్బి ఊడిపోవును. ఈ రెంటిలో ఏది సంభవించుననునది చెమ్మ ఎంతవేగముగ బయటికి పోగలదను దానిపై ఆధారపడియుండును.

సిమెంటు ఇచటనే చేటు తెచ్చును. సిమెంటుమాలు సున్నపుమాలుకంటె గట్టిది, దానికంటె తక్కువగ గాలిపీల్చునది, పైగా కరగు లవణములను తానే కొంత విడుచునది. సందులను సిమెంటుతో బిగించినచో సందులగుండ పోవలసిన చెమ్మ రాతిగుండ పోవలసివచ్చును; రాయి ఎండకు వ్యాకోచించినపుడు సందు చోటియ్యకుండుటచే బండ అంచులు చిట్లును. సున్నపుమాలు ఇందుకు భిన్నము. గానుగలో నూఱిన డంగుసున్నము మెత్తగ నుండి చిన్నచిన్న కదలికలను తాను సహించును, చెమ్మను తనగుండ పోనిచ్చును, పాడైనపుడు తాను రాలి రాతిని కాపాడును. కరక్కాయ, బెల్లము కలిపి దానికి జిగిని కూర్చుట మన తాపీమేస్త్రుల సంప్రదాయము (చూ. డంగుసున్నము). గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించి మెల్లమెల్లగ గట్టిపడుట దీని స్వభావము. కావున తడి ఆఱకుండ గోనెలు కప్పి ఓపికతో కాపాడవలెను. గడువుతేదీల ఒత్తిడిలో పనిచేయు గుత్తేదారులకు ఈ ఓపిక కష్టసాధ్యమగుటయే సున్నమునకు సిమెంటు ప్రత్యామ్నాయమగుటకు పెద్దకారణము.

నీటివాటము తప్పిన నేలకు ఎంత మేలిరాయియు రక్షకము కానేరదు. పరుపు 60 నుండి 80 పాళ్లకు ఒక పాలు వాటముతో, మోరీల వైపునకు నిలకడగ దిగవలెను. రాజస్థానమున జైసల్మేరు కోటయందు, అరుదైన వానలకు సరిపడునట్లు నిర్మింపబడిన కొండలోనికి ఆధునిక కుళాయినీరు ఇంకుటచే ప్రాకారములు క్రుంగిన వృత్తాంతము, నేలకును పునాదికిని గల సంబంధమును విశదపఱచును.

పరుపు పద్ధతులు

పద్ధతులు స్థూలముగ రెండు. మొదటిది సడలు పరుపు: మొరము, కంకర దిమ్మిసవేసి, పైన ఇసుకపఱచి, దానిపై దిమ్మలను దగ్గఱగ కూర్చి, సందులలో ఇసుకగాని రాతిపొడిగాని నింపుట. ఇందు దిమ్మలు ఒకదానినొకటి ఒరసికొని బరువును పంచుకొనును; వర్షజలము కొంత భూమిలోనికి ఇంకును; క్రింద గొట్టము మరమ్మతు చేయవలసినపుడు విప్పి తిరిగి పేర్చవచ్చును. ఐరోపా వీధులలో విసనకఱ్ఱ ఆకారమున దిమ్మలను వంపులుగ పేర్చుట అలంకారమునకే గాక, చక్రముల త్రోపిడిని వంపు వెంబడి అంచురాళ్లకు అందించుటకును ఉద్దేశింపబడినది. రెండవది బిగింపు పరుపు: గట్టి అడుగుపై మాలుతో బండలను అంటించుట. పెద్దబండలకు, పలుచనిరాళ్లకు ఇది అనివార్యము. ఈ రెంటిని కలగలుపుట, అనగా ఇసుకపై కూర్చిన రాళ్ల సందులను సిమెంటుతో బిగించుట, తఱచుగ కనబడు దోషము. అడుగు కదలును, సందు కదలదు. తుదకు బండ పగులును.

ముఖసంస్కారము: జారుదల, వేడి

ఱంపపుకోత, ఉలిపని, గనిలో సహజముగ చీలిన ముఖము, మెఱుగు అనునవి ప్రధానభేదములు. గ్రానైటునకు నేడు ఫ్లేమింగు అను విధానము వ్యాప్తిలోనున్నది. తీవ్రమైన మంటను ముఖముపై నడపినచో, 573 డిగ్రీల సెల్సియసు వద్ద క్వార్ట్జు అంతర్నిర్మాణము మాఱి హఠాత్తుగ ఉబ్బుటచే పైరేణువులు చిట్లి, సమముగ గరుకైన ముఖము ఏర్పడును. క్వార్ట్జులేని సున్నపురాళ్లకు ఇది పనికిరాదు. పురాతనస్థలములలో ఈ ముఖము యంత్రకృతమని వెంటనే తెలియును. అతుకు తెలియవలెనను నియమమునకు అది అనుకూలమని కొందఱును, ఉలిపని సౌష్ఠవమును చెఱచునని కొందఱును వాదింతురు.

జారుదలను లోలకయంత్రముతో కొలుతురు. తడిసిన ముఖముపై రబ్బరుపాదముగల లోలకమును ఊపి, రాపిడివలన అది ఎంత తగ్గినదో చూచి సంఖ్య నిర్ణయింతురు. బ్రిటనున 36గాని అంతకు పైగాగాని వచ్చినచో జారు ప్రమాదము స్వల్పమని పరిగణింతురు. క్రొత్తబండను కొలిచి తృప్తిచెందరాదు; నునుపుదేల్చు పరీక్ష చేసినపిదప మఱల కొలువవలెను.

పాదరక్షలు విడిచి నడచు స్థలములు మనదేశమున అసంఖ్యాకములు. ఐరోపాప్రమాణములలో స్థానములేని ఒక గుణము, అనగా మధ్యాహ్నపు ఎండలో రాతి వేడిమి, ఇచట నిర్ణాయకమగును. నల్లనిరాయి వెలుతురును గ్రహించి కాగును. తెల్లనిది పరావర్తనము గావించి చల్లగ నుండును. అమృతసరము స్వర్ణమందిరపు ప్రదక్షిణమార్గము పాలరాతిది యగుటయందలి ఔచిత్యము అచట వైశాఖమున నడచినవానికి తెలియును. దక్షిణదేశపు నల్లరాతి ప్రాకారములలో తెల్లసున్నపు చారలు వేయుటయు, కొబ్బరిపీచు పట్టాలు పఱచుటయు ఈ బాధకు ఉపశమనములు. పాతనేలను పెకలించి తెల్లరాయి వేయుటకంటె ఇట్టి తీసివేయదగిన ఉపాయములే మేలు.

ఉదాహరణము: హుమాయూను సమాధి వేదిక

ఢిల్లీలో 16వ శతాబ్దమున నిర్మింపబడి, 1993లో ప్రపంచవారసత్వస్థలముగ గుర్తింపబడిన హుమాయూను సమాధియొక్క క్రిందివేదిక, స్థానికమగు ఢిల్లీ క్వార్ట్జైటు దిమ్మలతో పఱచబడినది. 20వ శతాబ్దమున మరమ్మతు పేర దానిపై సిమెంటు కాంక్రీటు వేయబడినది. ఆగాఖాన్ సాంస్కృతికనిధి, పురావస్తుశాఖతో కలిసి 2013 నాటికి ముగించిన పునరుద్ధరణమున ఆ కాంక్రీటును తొలగింపగా, క్రింద అసలు దిమ్మలు చాలవఱకు చెక్కుచెదరక కానవచ్చెను. కొన్ని క్రుంగి వాటము తప్పియుండుటచే, అతిభారములైన ఆ దిమ్మలను మానవశ్రమతో ఎత్తి, అడుగు సవరించి, నీరు బయటికి జాఱునట్లు తిరిగి కుదిర్చిరి.

ఈ ఉదాహరణమున గమనింపదగినదేమనగా, అత్యుత్తమమైన క్రొత్తరాయి ఎంపిక చేయబడలేదు. పాతదానిపై కప్పినది తీసివేయబడినది. హైదరాబాదునందలి కుతుబ్‌షాహీ సమాధులలో అదే సంస్థ రాష్ట్రప్రభుత్వముతో కలిసి 2013నుండి చేసిన కృషియు ఈ మార్గముననే సాగి, సిమెంటు తొలగించి సున్నమునకు స్థానమిచ్చినది. 2013 వానలకు కొంత కూలిన బడీ బావి పూర్వపురాళ్లతో నిలువబెట్టబడి, గోలకొండ మెట్లబావుల పునరుద్ధరణమునకు 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారము లభించుటకు కారణమైనది.

వివాదములు

లిస్బను పాదచారబాటలు నునుపెక్కి తడిలో జారుటచే, వృద్ధులను వికలాంగులను దృష్టియందుంచుకొని 2014లో నగరపాలకసంఘము ఆమోదించిన ప్రణాళిక, పర్యాటకప్రాంతములకు వెలుపల వానిని తొలగించుటకు అవకాశమిచ్చి తీవ్రచర్చకు లోనైనది. రోము నగరమున బస్సులు తిరుగు వీధులనుండి సాంపియెత్రీనీని తీసి పాదచారవీధులకు తరలించు ప్రతిపాదనయు ఇట్టిదే. రాతికి గౌరవము దక్కుచోటికి రాతిని మార్చుట అందు సమన్వయము. ఢిల్లీ చాందినీచౌకున ఎఱ్ఱకోట వైపునుండి ఫతేపురి మసీదు వఱకుగల 1.3 కిలోమీటర్ల వీధిని వాహననియంత్రణతో ఎఱ్ఱని గ్రానైటు పరచి 2021లో ప్రారంభించిరి. మొగలాయీల ఎఱ్ఱ ఇసుకరాతికి వర్ణసామ్యము గలిగి, దార్ఢ్యమున అధికమగు రాతిని గ్రహించుట అందలి వివేకము. ఒకే వర్ణమున్నను జాతి వేఱగుట అందలి ఆక్షేపణము.

నడువలేనివారి హక్కుకును పాతనేల ప్రామాణికతకును వైరుద్ధ్యము కల్పించుట అనవసరము. 1965లో జపానున సేయిచి మియాకే రూపొందింపగా 1967లో ఒకాయామాయందు తొలుత పఱచబడిన స్పర్శఫలకములను, చక్రపుకుర్చీలకు తగిన సమతలపు పట్టీని, స్థానికరాతితోనే చెక్కించి పాతపరుపు నడుమ ఇముడ్చుట సాధ్యము. మన దేశమున 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఇట్టి సౌకర్యమును బాధ్యతగా నిర్దేశించినది.

గనులు, పనివారు, నిర్వహణ

గనినుండి రాతిని తీయుటయందే పొర దిశను గుర్తించి, బండపై సుద్దతో వ్రాయుట మంచిపద్ధతి. అవక్షేపశిలను భూమియందు ఎట్లు పడుకొనియుండెనో అట్లే నేలయందును పడుకొనబెట్టవలెను. పొరలను నిలువుగ నిలిపినచో నీరు పొరలనడుమ దిగి చీల్చును. పెద్దపనికి కావలసిన రాయి యంతయు ఒకే గనిభాగమునుండి ఒక్కమాఱుగ తీయించి, అందు నూటికి కొన్నిపాళ్లు భావికాలపు మరమ్మతులకై స్థలముననే భద్రపఱచుట అవసరము. గని మూతపడినపిదప అట్టి రాయి ఏ మూల్యమునకును దొరకదు.

రాతిపనివారి ఆరోగ్యము శిలానిర్ణయమున అంతర్భాగము. క్వార్ట్జు అధికమగు రాళ్లను పొడిగ కోసినపుడు లేచు సన్ననిధూళి ఊపిరితిత్తులలో నిలిచి సిలికోసిస్ అను అసాధ్యవ్యాధిని కలిగించును. కోత తడిగ జరుగవలెను, ధూళిని పీల్చు యంత్రమును ముసుగును తప్పక ఉండవలెను. రాజస్థానపు ఇసుకరాతి దిమ్మలు ఐరోపా కూడళ్లకు ఎగుమతియగుచుండగా, వానిని కొట్టువారిలో బాలకార్మికులున్నారను ఆరోపణలు వెలువడి, కొనుగోలుదారులు గనిమూలమును విచారించు ఆచారము ఏర్పడినది. మన పురపాలకసంఘముల టెండర్లలోను ఈ విచారణ ఒక షరతు కావలసియున్నది. వడ్డెరలు మొదలగు సంప్రదాయ శిలాకారులు ఉలిపనియందు ఆరితేరినవారైనను, అధికారికపథకములలో యంత్రపుకోతకు మాత్రమే ధరపట్టిక యుండుటచే వారికి చోటు దొరకుట లేదు.

పని ముగిసినపిదప ప్రతిబండ స్థానమును, గనిని, మాలు పాళ్లను పటముపై వ్రాసి భద్రపఱచుదురు. ఏటేట వానకాలమునకు ముందు మోరీలను శుభ్రపఱచి, రాలిన సందులను సున్నముతోనే పూరించి, కదలిన బండను ఆ నెలలోనే ఎత్తి కుదుర్చవలెను. ఆమ్లముతోగాని, అధికపీడనపు నీటిధారతోగాని కడుగుట నిషిద్ధము. నూనెమరకకు బంకమన్ను ముద్దను అద్ది, ఎండిన తరువాత తీసివేయుట చాలును.